గర్భిణులను వెంటాడే ఆందోళన.. ఈ సింపుల్ పద్ధతులతో కాస్త ఊరట!

కడుపుతో ఉన్నప్పుడు చిన్న విషయానికే కంగారు పడటం, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం చాలామందికి ఉండేదే. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 10 శాతం మంది గర్భిణులు మానసిక సమస్యలతో, ముఖ్యంగా డిప్రెషన్‌తో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పల్నాడు జిల్లా నూజెండ్ల లాంటి గ్రామీణ మండలాల్లో దీనికి ఇంకో భయం తోడవుతుంది. నొప్పులొస్తే వినుకొండకో, నరసరావుపేటకో టైమ్‌కి చేరతామా అన్నదే ఆ బెంగ.

శ్వాసతో మొదలు

వీపుకు ఆనుడు ఉండేలా కూర్చోవాలి. ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, నోటితో 6 అంకెలు లెక్కపెడుతూ వదలాలి. గాలి నెమ్మదిగా వదిలితే గుండె దడ తగ్గుతుంది. ఇలా 5 నిమిషాలు చేస్తే చాలు. ఊపిరి బిగబట్టకూడదు. కళ్లు తిరిగితే ఆపేయాలి.

బిగించి వదలడం

అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ రూపొందించిన పద్ధతి ఇది. పిడికిళ్లు, భుజాలు, ముఖం.. ఒక్కోదాన్ని 5 సెకన్లు బిగించి వదిలేయాలి. పొట్టను మాత్రం బిగించొద్దు. పిక్కలు పట్టేస్తుంటే కాళ్లను వదిలేయండి.

పక్కకు తిరిగి పడుకోవాలి

ఏడో నెల నుంచి వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవడం మంచిది. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే నడుముకు హాయిగా ఉంటుంది.

ముందే ప్లాన్ ఉంటే సగం బెంగ పోతుంది

దూరం భయం శ్వాసతో పోదు. ఏ ఆస్పత్రికి వెళ్లాలి, బండి ఎవరిది, తోడు ఎవరొస్తారు అన్నది ముందే తేల్చుకోవాలి. 108 నంబర్, ఆశా కార్యకర్త నంబర్ ఇంట్లో అందరి దగ్గరా ఉండాలి. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. మనసులోని భయాన్ని కూడా అక్కడ డాక్టర్‌కు చెప్పొచ్చు. ఇంట్లోవాళ్లు కూడా 'ఊరికే భయపడకు' అని కొట్టిపారేయకుండా ఓపిగ్గా వినాలి.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

బిడ్డ కదలికలు తగ్గినా, రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఆయాసం ఉన్నా రిలాక్సేషన్ అంటూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. దిగులు 2 వారాలు దాటినా డాక్టర్‌ను కలవాలి. చనిపోవాలన్న ఆలోచనలొస్తే ఒంటరిగా ఉండొద్దు, వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పాలి. టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

గమనిక: ఇది అవగాహన కోసమే. డాక్టర్‌ను అడగకుండా మందులు వాడటం, ఆపేయడం చేయొద్దు.