కోఠీ తోటలో బొమ్మమేడ

1924లో మొదలైన కోఠీ మహిళా కళాశాల 1949లో బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి మారింది. అప్పటినుంచి అక్కడి సింహాల బొమ్మలు, పొడవాటి మెట్లు, ఎత్తైన స్తంభాలు అమ్మాయిలు క్లాసుకు వెళ్లే దారిలో ఉన్నవే. వెనకవైపు తోటను మాత్రం పట్టించుకున్నవాళ్లు తక్కువ. పాత గోరీల మధ్య పొదలు అల్లుకుపోయాయి.

జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంటుగా ఉండగా 1803లో మొదలైన కట్టడం ఈ రెసిడెన్సీ. ఆయన పెళ్లాడిన ఖైరున్నిసా వెనక తోటలోని రంగ్ మహల్లో, పర్దాలో ఉండేది. ముంగిటికొచ్చి మేడను చూడలేని ఆమె కోసం అదే మేడను చిన్నగా తోటలో కట్టించాడని చెబుతారు. 1805లో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. 1860లో రంగ్ మహల్‌ను కూల్చేశారు. బొమ్మమేడ మిగిలింది, ఆ తర్వాతెప్పుడో చెట్టుకొమ్మ విరిగిపడి అదీ దెబ్బతింది.

ప్రమాదంలో ఉన్న కట్టడాల 2002 జాబితాలో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ఈ ఆవరణను చేర్చింది. కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసాల కథ చెప్పిన విలియం డాల్రింపుల్ పుస్తకం ‘వైట్ ముఘల్స్’ వచ్చిందీ 2002లోనే. తర్వాత మెల్లగా పనులు సాగాయి.

ఇలాంటిచోట చెట్టూచేమా కొట్టడానికి కత్తి ఒక్కటే చాలదు. రావి వేరు సున్నపు గచ్చులోకి దిగి రాళ్లను పట్టేస్తుంది. బలంగా లాగితే రాయి కూడా ఊడొస్తుంది. ముందు కొమ్మలు నరకాలి, మొదలు ఎండనివ్వాలి, వేరును ముక్కలుగా తీయాలి. ఆ సందుల్ని మళ్లీ సున్నంతోనే నింపాలి. సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని గోడను తినేస్తుంది.

పొదలు తొలగాక, రెసిడెన్సీలో బతికి ఇక్కడే కన్నుమూసిన బ్రిటిష్ వాళ్ల గోరీలు బయటపడ్డాయి. ఎంప్రెస్ గేటు, బొమ్మమేడ బాగయ్యాయి. ప్రధాన భవనం 2023 జనవరిలో తెరుచుకుంది.

అందరి కళ్లూ అందులోని దర్బారు హాలు షాండ్లియర్ల మీదే ఉంటాయి. కానీ ఈ విద్యాసంస్థకు అసలైన ఆస్తి ఆ బొమ్మమేడే. ఒక స్త్రీ గడప దాటలేని రోజుల్లో కట్టిందది. ఆ కళాశాలే ఇప్పుడు పోరాట యోధురాలు చాకలి ఐలమ్మ పేరుపెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయమై దాని చుట్టూ నడుస్తోంది.

రావి గింజల్ని పిట్టలు ఏటా తెస్తూనే ఉంటాయి. వానలు వెలిశాక రెండాకుల మొలకగా ఉన్నప్పుడే తీసేస్తే గోడకు దెబ్బ తగలదు. వృక్షశాస్త్రం విద్యార్థినులకు ఈ పనినే ప్రాక్టికల్‌గా ఇచ్చి, ఏ గోడమీద ఏ మొక్క ఎప్పుడు మొలిచిందో రికార్డులో రాయించాలి.