వయసు మళ్లిన పశువుకు ఎవరు బాధ్యులు? శాసనాలు, శాస్త్రం, జాతకం చెప్పేవి

కర్నూలు జిల్లా ఎర్రగుడి వద్ద బండలపై చెక్కించిన అశోకుని శాసనాలలో రెండవ శిలాశాసనం చిన్నది. తన రాజ్యంలోను, సరిహద్దులలోని చోళ, పాండ్య, సతియపుత్ర, కేరళపుత్ర దేశాలలోను, తామ్రపర్ణిలోను, యవనరాజు అంతియోకుని రాజ్యంలోను రెండు రకాల చికిత్సలు ఏర్పాటు చేసినట్లు చక్రవర్తి అందులో ప్రకటించాడు. ఒకటి మనుష్యులకు, మరొకటి పశువులకు. ఓషధులు, దుంపలు, ఫలవృక్షాలు లేనిచోటికి వాటిని తెప్పించి నాటించానని, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెంచానని కూడా చెప్పాడు.

ఈ శాసనం ఆధారంగా ప్రపంచంలో తొలి పశువైద్యశాలను అశోకుడే నెలకొల్పాడనే మాట తరచుగా వినబడుతుంది. శాసనంలో ఉన్నది ‘చికిత్స’ అనే పదమే గాని ‘శాల’ కాదు. ఇంతవరకు ఏ తవ్వకంలోనూ అశోకుని పశువైద్యశాల అని నిర్ధారించదగిన కట్టడం బయటపడలేదు. శాసనం చెప్పని దానిని దానికి అంటగట్టడం వలన అది నిజంగా చెప్పినది మరుగున పడుతుంది. అశోకుడు పేర్కొన్నవి మందుమొక్కలు, నీరు, నీడ. భవనం కంటె ఇవే బాటసారికి, బండి లాగే ఎద్దుకు ముందుగా అవసరమైనవి.

పట్టాభిషేకం జరిగిన 27వ ఏట వెలువడిన ఏడవ స్తంభశాసనం ఈ విషయాన్ని మరింత విశదం చేస్తుంది. పశువులకు, మనుష్యులకు నీడనివ్వడానికి మర్రిచెట్లు, మామిడితోపులు, నియత దూరాలలో బావులు, దారిలో బసలు, అక్కడక్కడ చలివేంద్రాల వంటి నీటి తావులు ఏర్పాటు చేయించానని అశోకుడు అందులో అన్నాడు. బావుల మధ్య దూరం ఎనిమిది క్రోసులని కొందరు, అరక్రోసు అని కొందరు అర్థం చెప్పారు. బస అని మనం గ్రహించే పదానికి నీటిలోకి దిగే మెట్లు అనే అర్థం చెప్పినవారూ ఉన్నారు. ఈ భేదాలు ఎలా ఉన్నా, దారిపక్క సదుపాయం పొందేవారిలో మనిషితో పాటు పశువును కూడా లెక్కించారన్నది స్పష్టం.

అయితే పని చేయలేని పశువు సంగతి ఏమిటి? 26వ ఏటి ఐదవ స్తంభశాసనం చంపరాని ప్రాణుల జాబితా ఇస్తుంది. చిలుకలు, గోరువంకలు మొదలైన పక్షుల నుండి అచ్చువేసి వదిలిన ఆబోతుల వరకు అందులో ఉన్నాయి. ఆ తరువాత, ఉపయోగానికి గాని ఆహారానికి గాని రాని చతుష్పాద జంతువులన్నింటినీ చేర్చారు. చూలుతో ఉన్న, పాలిచ్చే మేకలను, గొర్రెలను, పందులను, ఆరు నెలలలోపు పిల్లలను చంపరాదన్నారు. లేత వయసుకు ఇక్కడ రక్షణ స్పష్టంగా ఉంది. ముసలి వయసుకు ప్రత్యేక ప్రస్తావన లేదు. ఒకప్పుడు కాడి మోసి ఇప్పుడు మోయలేని ఎద్దు ‘ఉపయోగానికి రానివి’ అన్న వర్గంలోకి వస్తుందా అన్నది శాసనపాఠం నుండి మాత్రమే తేల్చలేము. అశోకుని కరుణ విస్తారమైనదని అంగీకరిస్తూనే ఈ ఖాళీని గుర్తించాలి.

ఆ ఖాళీని పూరించే ఆధారాలు రెండు వేరు గ్రంథాలలో దొరుకుతాయి. మొదటిది కౌటిల్యుని అర్థశాస్త్రం. దీని కాలనిర్ణయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. గోవుల అధ్యక్షుని ప్రకరణం దూడలకు, ముసలివాటికి, జబ్బు పడినవాటికి గోపాలకులే చికిత్స చేయాలని విధిస్తుంది. గుర్రాల ప్రకరణం మరొక అడుగు ముందుకు వేస్తుంది. యుద్ధం వల్లనో, వ్యాధి వల్లనో, ముసలితనం వల్లనో పనికి రాకుండా పోయిన గుర్రాలకు బతకడానికి సరిపడ మేత ఇవ్వాలంటుంది. అర్థశాస్త్రం ఇక్కడ కరుణ పేరెత్తదు. సేవ చేసిన గుర్రం పేరు కొలువు పద్దులోనుండి తొలగిపోలేదు, అంతే.

రెండవది 409వ జాతకమైన దళ్హధమ్మ జాతకం. దాని నేపథ్యం కౌశాంబిలోని ఘోషితారామం. ఉదయన రాజు ఉజ్జయిని నుండి వాసులదత్తతో తప్పించుకొని వచ్చింది భద్దవతిక అనే ఆడ ఏనుగు మీదనే అని పాలి అట్ఠకథలు చెబుతాయి. అది ముసలిదైన తరువాత రాజు దానికిచ్చే గౌరవాన్ని, మేతను ఉపసంహరించుకున్నాడు. ఏనుగు బుద్ధుని పాదాల వద్ద పడి మొర పెట్టుకుంది. బుద్ధుడు రాజుతో మాట్లాడి దాని పూర్వమర్యాదను తిరిగి ఇప్పించాడు. ఆ సందర్భంలో చెప్పిన పూర్వకథలోనూ విషయం ఇదే. రాజసందేశాలు మోసి, యుద్ధంలో పోరాడిన ఆడ ఏనుగును చివరికి పేడబండి లాగడానికి కుమ్మరికి ఇచ్చేశారు. మంత్రిగా పుట్టిన బోధిసత్త్వుడు రాజును తప్పుబట్టాడు. ఆయన వాదం జాలి మీద నిలిచింది కాదు. చేసిన మేలు మరువరాదన్న కృతజ్ఞత మీద నిలిచింది. జాతకాల గద్యభాగం అశోకునికి ఎన్నో శతాబ్దాల తరువాత స్థిరపడినది కనుక దీనిని అశోకుని విధానానికి సాక్ష్యంగా చూపరాదు. బౌద్ధసంప్రదాయం ఈ ప్రశ్నను ఎలా ఆలోచించిందో తెలుసుకోవడానికి మాత్రం ఇంతకంటె సూటియైన కథ అరుదు.

ఎర్రగుడిలోనే ఉన్న లఘుశిలాశాసనంలో ప్రాణులపట్ల దయ చూపాలన్న ఉపదేశం ఉంది. ఆ ఆదేశాన్ని అందించవలసినవారిలో రథాలు నడిపేవారు, లేఖకులు, ఉపాధ్యాయులతో పాటు ఏనుగులనెక్కేవారూ ఉన్నారు. పశువుతో రోజూ పనిచేసేవారికి ధర్మబోధ చేరాలన్న ఆలోచన ఇందులో కనిపిస్తుంది.

ఈ సంప్రదాయం బౌద్ధానికే పరిమితం కాదు. 1623లో ఖంభాత్‌ను దర్శించిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లె అక్కడ పక్షులకు, మేకలు గొర్రెల వంటి జంతువులకు నడుస్తున్న ఆశ్రయాలను వర్ణించాడు. పశ్చిమ భారతంలో జైన, వైష్ణవ వర్తకులు పోషించిన పింజ్రాపోళ్లు ఆ కోవలోనివే.

నేడు గ్రామాలలో పర్యావరణహితంగా నడిచే కొన్ని విడిదిళ్లు, ఆశ్రమాలు కబేళా నుండో, సర్కసు నుండో విడిపించిన ముసలి జంతువులను సాకుతున్నాయి. విడిపించే రోజు అందరికీ కనబడుతుంది. ఆ తరువాత వచ్చే పదేళ్లు కనబడవు. పళ్లరిగిన ఎద్దు ఎండుగడ్డిని నమలలేదు. ఏనుగుకు ఆరవ జత దవడపళ్లు అరిగితే మళ్లీ రావు. మెత్తని మేత, గిట్టల సంరక్షణ, చలికి పొడి నేల ప్రతిదినం కావాలి. ముసలితనానికి నయం చేసే మందు లేదు కనుక చికిత్స అంటే ఇక్కడ ప్రధానంగా మేతే. పనికిరాని గుర్రానికి కూడా మేత రాసిపెట్టిన అర్థశాస్త్రం ఈ సంగతి గ్రహించింది.

అందుకే ఇటువంటి చోట్లను నడిపేవారు మన ప్రాచీన ఆధారాలను ఉదహరించేటప్పుడు తొలి వైద్యశాల అన్న గొప్పకంటె ఏడవ స్తంభశాసనంలోని బావిని, భద్దవతిక కథలోని ఋణాన్ని గుర్తుచేసుకోవడం సముచితం. అతిథి బస చేసే చోటనే పశువుకు నీరు, నీడ ఉండాలన్న ఆలోచనకు ఈ దేశంలో ఇరవైరెండు శతాబ్దాలకు పైబడిన లిఖితసాక్ష్యం ఉంది. ఆ పశువు పని ముగిసిన తరువాత కూడా వాటిని అందించే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నను ఉదయనుని ముందు ఉంచినట్లే జాతకం మన ముందు కూడా ఉంచుతున్నది.