మోటారుకారు కావలిగంట

ఆదిలాబాదు పల్లెలలో జొన్నచేనికి మంచె వేసి కావలి కూర్చుండువాడు అలికిడి కాగానే కేక వేయును. వచ్చినవాడు చేని యజమాని అని గుర్తింపగానే ఊరకుండును. ఈ రెండు పనులలో మొదటిది యంత్రమునకు నేర్పుట తేలిక. రెండవదానికి నూరేండ్లకు పైగా పట్టినది.

అమెరికాలోని సోమర్‌విల్ పట్టణవాసి ఆగస్టస్ పోప్ 1853లో విద్యుత్తుతో మ్రోగు దొంగగంటకు పేటెంటు పొందెను. తలుపు తెరచినచో విద్యుద్వలయము పూర్తియై విద్యుదయస్కాంతము గంటను కొట్టును. తలుపును వెంటనే మూసినను మ్రోత ఆగదు. అందులోని గొప్ప అదియే. 1857లో ఎడ్విన్ హోమ్స్ ఈ హక్కులను కొని వ్యాపారముగా పెంచెను.

కారులో బ్యాటరీ, హారను ముందే ఉండుటచే గంట అమర్చుట సులభమయ్యెను. తలుపు తెరువగనే లోపలి దీపము వెలుగుట విద్యార్థులు చూచియే యుందురు. అటువంటి చిన్న స్విచ్చియే దొంగను పట్టి యిచ్చును. అద్దము పగులగొట్టినచో స్విచ్చికి తెలియదు. కనుక కుదుపును గ్రహించు సాధనమును చేర్చిరి. ఇది ఉరుమునకును, ప్రక్కన పోవు లారీకిని కూడ ఉలికిపడును. కరీంనగరు వీధిలో కారు కూసినచో ఎవరును కిటికీ తెరచి చూడకపోవుట వింత కాదు! ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 97 ప్రకారము ఈ మ్రోత 25 సెకండ్లకు తగ్గరాదు, 30 సెకండ్లకు మించరాదు.

మ్రోత మాన్పుటకు తొలుత కారు వెలుపల తాళముగల స్విచ్చి నుంచిరి. తరువాత రేడియో మీట వచ్చినది. అది నొక్కినప్పుడెల్ల ఒకే సంకేతమును పంపుచుండెడిది. దొంగ దానిని వేరొక యంత్రముతో పట్టి తిరిగి పంపినచో, కారు అతనినే యజమాని యనుకొనును. 1980ల మధ్యలో దక్షిణాఫ్రికాలోని నానోటెక్ సంస్థ కీలాక్ అను పద్ధతిని రూపొందించెను. మీటలో ఒక లెక్క ఉండును. నొక్కినప్పుడెల్ల అది ఒకటి పెరుగును. ఆ సంఖ్యను రహస్యలిపిగా మార్చి పంపును. అదే రహస్యమును, చివరిసారి వచ్చిన లెక్కయు కారులో ఉండును. అంతకంటె కొంచెము పెద్ద సంఖ్య వచ్చినచో అంగీకరించును. పాతది వచ్చినచో త్రోసివేయును. పిల్లలు ఆటగా రెండుమూడుసార్లు నొక్కినను పరవాలేదన్నమాట. ఇంత ఉపాయమును 2008లో జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, మీటలోని చిప్పు వాడుకొను విద్యుత్తును కొలిచి, ఛేదించిరి.

గంటను మించిన కావలి మరియొకటి కలదు. ఇంజనును కదలనీయని సాధనము ఐరోపాలో 1998 అక్టోబరు నుండి కొత్త కార్లకు తప్పనిసరి యయ్యెను. తాళపుచెవి పిడిలో బ్యాటరీ లేని చిన్న చిప్పు ఉండును. తాళము చుట్టునున్న తీగచుట్ట నుండి ప్రేరణచే విద్యుత్తు గ్రహించి అది తన సంకేతమును చెప్పుకొనును.

రాత్రివేళ నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాటులో మీట బ్యాటరీ అయిపోయిన దనుకొందము. తాళపుచెవితో తలుపు తెరచినచో కొన్ని కార్లు యజమానినే దొంగగా ఎంచి కూయును. లోహపు పండ్లను మాత్రము చూచి అవి ఎవరినీ నమ్మవు. కంగారుపడి తీగలు ఊడదీయనక్కరలేదు. తాళపుచెవిని ఇంజను తాళములో పెట్టి త్రిప్పినచో చిప్పు పలుకును. పెక్కు కార్లలో మ్రోత ఆగును. బొత్తాము నొక్కి నడుపు కార్లలో పిడిని ఆ బొత్తామునకు ఆనించవలెను. కొన్నిటిలో ఈ చోటు వేరుగా ఉండును. అది కారుతో ఇచ్చిన పుస్తకములో చూపబడియుండును.