చందమామ దాకా వెళ్ళిన కుక్కపిల్ల

మన పిల్లల టీషర్టుల మీద, పెన్సిల్ బాక్సుల మీద నల్ల చెవుల తెల్ల కుక్కపిల్ల ఒకటి కనిపిస్తుంటుంది కదా, దాని పేరు స్నూపీ. మా అమ్మాయి నైట్ డ్రెస్ మీద కూడా ఉంది. ఉతికి ఆరేసినప్పుడల్లా దాని చరిత్ర గుర్తొచ్చి నవ్వుకుంటాను. కాగితం మీద పుట్టి చందమామ దాకా వెళ్ళిన కుక్క మరి!

అమెరికాలో చార్లెస్ షుల్జ్ అనే ఆయన 1950 అక్టోబర్ 2న ఏడు పత్రికల్లో 'పీనట్స్' అనే కామిక్ మొదలుపెట్టారు. మనకు బుడుగు, సీగానపెసూనాంబ ఎలాగో వాళ్ళకు చార్లీ బ్రౌన్, లూసీ అలాగ. దాదాపు యాభై ఏళ్ళలో 17,897 కామిక్‌లు, అన్నీ ఆయన చేత్తో గీసినవే. 2000 ఫిబ్రవరిలో ఆయన పోయిన మర్నాడే చివరి ఆదివారం బొమ్మ అచ్చయింది.

షుల్జ్‌కి సినిమాల పిచ్చి. 'సిటిజన్ కేన్' అంటే ప్రాణం. 1973లో ఒక ఆదివారం బొమ్మలో లైనస్ మొదటిసారి ఆ సినిమా చూస్తుంటాడు. అక్క లూసీ అటుగా వచ్చి, కథలోని అసలు రహస్యం కాస్తా చెప్పేసి చక్కా పోతుంది. పాపం పిల్లాడు గావుకేక పెడతాడు. సస్పెన్స్ సినిమా చూస్తుంటే వెనకనుంచి హంతకుడి పేరు చెప్పేసే మహానుభావులు మన ఇళ్ళలోనూ ఉన్నారుగా!

పాత యుద్ధం సినిమాల ప్రభావంతోనే 1965లో స్నూపీ తన గూటి పైకప్పెక్కి, అదే విమానం అనుకుని శత్రువు మీద యుద్ధానికి బయలుదేరాడు. విమానం నడిపినవాడికి రాకెట్ ఎంత? 1969 మార్చిలో చందమామ మీద దిగిపోయి, రష్యావాళ్ళకంటే, పక్కింటి పిల్లికంటే కూడా తనే ముందు వచ్చానని సంబరపడ్డాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు పెట్టింది ఆ తర్వాత నాలుగు నెలలకి.

మధ్యలో మే నెలలో అపోలో 10 వెళ్ళింది. చంద్రుడి మీద దిగకుండా, దిగాల్సిన చోటును దగ్గరనుంచి చూసి రావడమే దాని పని. ఇంగ్లీషులో 'స్నూప్' అంటే తొంగిచూసి ఆరా తీయడం. అందుకే కిందికి వెళ్ళే నౌకకి స్నూపీ అనీ, పైన కాచుకుని ఉండేదానికి చార్లీ బ్రౌన్ అనీ పేర్లు పెట్టారు. స్నూపీ చంద్రుడికి సుమారు 15 కిలోమీటర్ల దూరం దాకా వెళ్ళొచ్చింది. అందులో పైభాగం ఇప్పటికీ సూర్యుడి చుట్టూ తిరుగుతోంది. తర్వాతి యాత్రకి పేర్లు కాస్త హుందాగా ఉండాలనుకున్నారు. అలా వచ్చినవే కొలంబియా, ఈగిల్.

ఇదంతా సరదాగా ఉంది గానీ, నాసా స్నూపీని దగ్గరకు తీసుకోవడం వెనక ఒక దుఃఖం ఉంది. 1967 జనవరి 27న అపోలో 1 నౌకలో నేలమీదే పరీక్ష చేస్తుండగా మంటలు లేచి ముగ్గురు వ్యోమగాములు చనిపోయారు. గస్ గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ. తర్వాత భద్రత మాట అందరికీ గుర్తుండాలని స్నూపీని ఎంచుకున్నారు. 1968 నుంచి 'సిల్వర్ స్నూపీ' అవార్డు ఇస్తున్నారు. బొమ్మ షుల్జ్ గీసిందే. చిన్న వెండి పిన్ను, అంతరిక్షానికి వెళ్ళొచ్చినది. నూటికి ఒక్కరికి కూడా రాదు. ఇచ్చేది పెద్ద ఆఫీసర్లు కాదు, వ్యోమగాములే. ఎవరి జాగ్రత్త వల్ల ప్రాణాలతో తిరిగొస్తున్నారో, ఆ పేరు తెలియని మనుషులకి స్వయంగా పెడతారు.

నాకు ఈ కథలో బాగా నచ్చింది ఆ పిన్నే. సవ్యంగా జరిగిన పని ఎవరికీ కనిపించదు. రాత్రి మంచమెక్కాక మళ్ళీ లేచి గ్యాస్ కట్టేశామో లేదో చూసొచ్చేవాళ్ళం మనం. పొద్దున్నే ఇల్లు ఇల్లులాగే ఉంటుంది, కాఫీ అడుగుతుంది. పిన్ను ఎవరు పెడతారు చెప్పండి?