పోర్ట్ రాయల్ మట్టి పైపులు: కాలనిర్ణయంలో ఒక చిక్కు

1692 జూన్ 7న సంభవించిన భూకంపంలో జమైకాలోని పోర్ట్ రాయల్ పట్టణం సుమారు మూడింట రెండు వంతులు సముద్రంలో మునిగిపోయింది. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయానికి చెందిన డానీ హామిల్టన్ నాయకత్వంలో 1981 నుండి 1990 వరకు అక్కడ నీటి అడుగున తవ్వకాలు జరిగాయి. వాటిలో పూర్తివీ విరిగినవీ కలిపి వేల సంఖ్యలో తెల్లమట్టి పొగాకు పైపులు లభించాయి.

వీటిని మన చిలుము వంటివిగా భావించరాదు. పొడవైన సన్నని కాడ, దాని కొసన చిన్న గిన్నె వీటి రూపం. కాడలో తీగతో రంధ్రం చేసి, అచ్చులో ఒత్తి, బట్టీలో కాల్చేవారు. నాణెం తరాల పాటు చేతులు మారవచ్చు. ఈ పైపు అలా కాదు. చౌకది, పెళుసుది. కొన్న కొద్దికాలానికే విరిగి చెత్తలో చేరేది. కాలనిర్ణయానికి దాని విలువంతా ఈ అల్పాయుష్షులోనే ఉన్నది.

కాలం గడిచిన కొద్దీ కాడ రంధ్రం సన్నబడుతూ వచ్చిందని 1954లో జె.సి. హారింగ్టన్ గుర్తించాడు. 1962లో లూయిస్ బిన్‌ఫర్డ్ దానిని సూత్రబద్ధం చేశాడు: రంధ్రాల సగటు వ్యాసాన్ని అంగుళంలో 64వ వంతులుగా కొలిచి, 38.26తో హెచ్చించి, 1931.85 నుండి తీసివేయాలి. సగటు 6.5 అయితే 1683 వస్తుంది. ఈ లెక్కనే చివరిదాకా నమ్మితే 1931 నాటికి రంధ్రం పూర్తిగా పూడిపోవాలి! 18వ శతాబ్ది చివరి భాగం నుండి సూత్రం పట్టు తప్పుతుందన్నది పరిశోధకులు అంగీకరించిన విషయమే.

మునిగిన తేదీ తెలిసిన పోర్ట్ రాయల్ ఇటువంటి సూత్రానికి సహజమైన పరీక్షాస్థలం. అయితే ఆ తేదీ పట్టణానిదే గాని, అక్కడ దొరికిన ప్రతి ముక్కదీ కాదు. మిగిలిన పట్టణంలో జనజీవనం కొనసాగింది. 1703లో అది అగ్నికి ఆహుతైనా రేవు వాడుకలోనే ఉన్నది. తరువాతి ఓడలవారు పారవేసిన పైపులూ అదే నీటి అడుగుకు చేరే వీలున్నది. కనుక కూలిన ఇటుక గోడల కింద చిక్కిన ముక్కకూ, పైపొర ఇసుకలో దొరికిన ముక్కకూ సమాన ప్రామాణ్యం ఇవ్వడం సరికాదు. రెంటినీ కలిపి సగటు కడితే, సూత్రాన్ని పరీక్షించవలసిన తేదీయే కలుషితమవుతుంది. తాళపత్ర ప్రతిలో మూలాన్నీ, తరువాతి చేతివ్రాతలో చేరిన పద్యాలనూ వేరుచేయకుండా లిపిని బట్టి కాలం చెప్పబోవడం వంటిదే ఇది.

ఇక్కడ తయారీదారుల ముద్రలు మరింత గట్టి ఆధారం. పోర్ట్ రాయల్ పైపులపై కనిపించే ‘ఎల్.ఇ.’ అక్షరాలు బ్రిస్టల్ నగరానికి చెందిన లెవెలిన్ ఇవాన్స్‌వి. అతడు 17వ శతాబ్ది ఉత్తరార్ధంలో పైపులు చేసినవాడు. ఈ సాక్ష్యం రంధ్రపు కొలతపై ఆధారపడినది కాదు.