సన్న్యాసులు కట్టించిన పానశాల

ఇంగ్లండు దేశమున సోమర్సెట్టు మండలములో నార్టన్ సెయింట్ ఫిలిప్ అను గ్రామము గలదు. అచట 'జార్జి' యను పేర నొక ప్రాచీన పానశాల యున్నది. మద్యమును నిరసించు మన గృహములలో పానశాల చరిత్ర మేల యని చదువరు లడుగవచ్చును. ఈ కట్టడము కేవలము త్రాగుటకై పుట్టినది కాదు. ఆ సంగతి దాని గోడలే చెప్పును.

దీనిని కట్టించినవారు కార్తూసియను శాఖకు చెందిన క్రైస్తవ సన్న్యాసులు. సమీపమున హింటన్ అనుచోట 1232లో స్థాపింపబడిన మఠము వారిది. వారు మాంసము ముట్టరు. ఎవరి కుటీరమున వారు మౌనముగా కాలము గడపుదురు. అట్టివారికి జనసమ్మర్దము గల బసతో పని యేమి? మఠమునకు గొఱ్ఱెలమందలు గలవు; ఊరిలో ఉన్ని సంత జరుగుచుండెడిది. సరకునకు కొట్టును, వర్తకులకు విడిదియు కావలసివచ్చెను. 14, 15 శతాబ్దములలో ఆ యవసరమే యీ రూపము దాల్చెను.

క్రింది యంతస్తు రాతికట్టడము. నడుమ బండ్లు దూరునంతటి కమాను ద్వారము, దానిగుండ పోయిన వెనుక ముంగిలి. రాతిపై రెండంతస్తులు కొయ్యకట్టుబడి. దూలములను చట్రముగా బిగించి, నడిమి ఖాళీలను పూడ్చి సున్నము పూసిరి. పై యంతస్తులు క్రిందిదానికంటె వీధివైపు ముందునకు చొచ్చుకొని యుండును. ఇందువలన వీధి తఱుగకయే మీద చోటు పెరిగినది. ముంగిలివైపు గదులకు పోవుటకు కొయ్య వసారా యుండెను. చూడవచ్చినవారు నల్లని దూలముల సొగసునే మెచ్చుకొందురు. నాకు మాత్ర మా కమానే ముఖ్యముగా దోచును. ఈ యిల్లు సరకుబండ్లకై కట్టినదని చెప్పునది యదియే.

ఇక పానము మాట. ఆనాడు బార్లీతో కాచిన 'ఏలు' స్త్రీలు, బాలురు సైతము త్రాగెడి నిత్యపానీయము. అంతమాత్రమున నది మెచ్చదగినదని నే ననను. కాని మద్యమును నిరసించుట వేఱు, కట్టడ మిచ్చు సాక్ష్యమును వినకుండుట వేఱు. సంత సాగినంత కాల మీ యిల్లు ఊరికి కొట్టు, భోజనశాల, విడిది. 1668 జూన్ 12న దినచర్య రచయిత సామ్యుయెల్ పీప్స్ భార్యతో గూడ నీ యూర భోజనము చేసెను. 1685 జూన్ నెలలో రాజుపై తిరుగబడిన మన్మత్ ప్రభువు తన సేనతో నిచట విడిసెను. ఆ నెల 27న ఊరిలోనే పోరాటము జరిగెను. జూలై 15న లండనులో నతని శిరస్సు ఖండింపబడెను.

ఎనిమిదవ హెన్రీ కాలమున 1539లో హింటను మఠము రద్దయ్యెను. దేవాలయము నేలమట్టమైనది, సన్న్యాసుల సభామందిరము మొదలగు కొన్ని భాగములే మిగిలినవి. వారు ఉన్ని వర్తకులకై కట్టించిన యిల్లు మాత్రము పైకప్పుతో నిలిచి, బాటసారులకు భోజన మిడుచున్నది.