పాత వెండి నాణెములు: తూకము, వన్నె, విలువ

ఇరువదియైదు సంవత్సరములు నిండిన సంస్థకు జరుపు ఉత్సవమును మనవారు రజతోత్సవమని పిలుచుచున్నారు. రజతమనగా వెండి. మన గ్రంథాలయపు వెండి పండుగ సంచికలో వెండిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుట సందర్భోచితమని తలచి ఈ వ్యాసమునకు పూనుకొంటిని. చదువరులు సహృదయముతో స్వీకరింతురు గాక.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందలి పల్లెలలో పాత నాణెములు బొత్తిగా లేని ఇండ్లు తక్కువ. తాతలనాటి సందుగలో నాలుగు వెండి రూపాయలుండును. దేవుని గూటిలో ఒకటి యుండును. పునాది త్రవ్వునప్పుడో, చెలక దున్నునప్పుడో మరికొన్ని బయటపడుచుండును. అట్టి నాణెము చేతికి వచ్చిన మనుష్యుడు మొట్టమొదట అడుగు ప్రశ్న, "దీనికెంత వచ్చును?" అన్నది. ప్రశ్న న్యాయమైనదే. కాని దానికి సమాధానములు మూడు గలవు. తూకమెంత యన్నది ఒకటి. వన్నె, అనగా అందు స్వచ్ఛమైన వెండి పాలెంత యన్నది రెండవది. ఆ నాణెము మనకేమి చెప్పగలదన్నది మూడవది. మొదటి రెండింటిని కంసాలి చెప్పును. మూడవదానిని అడుగువారు లేకపోవుటచేతనే అనేక నాణెములు కుంపటిలో కరగి కడియములగుచున్నవి.

రూపాయి యను మాట ఎంత పాతదో మొదట చూతము. ముద్రచే రూపము కొట్టబడినది రూప్యమని పాణిని వ్యాకరణము చెప్పుచున్నది. వెండికి ఆ పేరే నిలిచినది. మన తెలుగు రూకయు ఆ కుటుంబములోనిదే. కాకతీయుల పిమ్మటి కాలపు క్రీడాభిరామములో ఓరుగంటి పూటకూళ్ళ యింట ఒక్క రూకకు కప్పురభోగి బియ్యపు అన్నముతో మంచి భోజనము దొరకినట్లున్నది. పిదప 1540-1545 మధ్య ఢిల్లీని ఏలిన షేర్ షా సుమారు 178 గ్రెయినుల తూకముగల వెండి నాణెమును రూపియా యను పేర ముద్రింపించెను. మొగలాయీలు దానినే కొనసాగించిరి. మన పెద్దలెరిగిన వెండి రూపాయి ఆ వంశములోనిదే.

వెండి నాణెములో కల్తీ యుండుట నేటి వింత కాదు. రాజులే తెలిసి కలిపెడివారు. కౌటిల్యుని అర్థశాస్త్రము ప్రకారము 16 మాషముల వెండి పణములో రాగి 4 మాషములు. ఇనుము, తగరము, సీసము, అంజనము అను వానిలో ఒకటి 1 మాషము. తక్కిన 11 మాషములే వెండి. మెత్తని వెండికి గట్టిదనము నిచ్చుటకును, ఖజానాకు లాభము చేకూర్చుటకును ఈ మిశ్రమము పనికివచ్చెను. మిశ్రమమున్న చోట అనుమానముండును గనుక నాణెములను పరీక్షించుటకు రూపదర్శకుడను అధికారిని నియమింపవలెనని అదే గ్రంథము చెప్పుచున్నది. పరీక్షా రుసుము నూటికి ఎనిమిదవ వంతు పణము. ఆ రూపదర్శకునే మన తెలుగువారు నోటకాడనిరి; తురుష్క ప్రభుత్వముల కాలమున షరాబు అనిరి.

షరాబు పరీక్షలు మనమును నేర్చుకొనదగినవే. మొదటిది కన్ను: అంచున పోత అతుకు గీత కనిపించినచో అది అచ్చులో పోసిన దొంగ నాణెము. రెండవది చెవి: గోటిపై నిలిపి మీటినచో మంచి వెండి చాలసేపు మ్రోగును, సీసము కలిసినది మొద్దుగా పలుకును. మూడవది గీటురాయి: వన్నె తెలిసిన వెండిగీత ప్రక్కన నాణెపు గీతను గీచి రంగు పోల్చుట. కాని గీటు నాణెమును గాయపరచును, పైపూతను మాత్రమే చూపి మోసగింపవచ్చును. నాలుగవది త్రాసు, ఇందు నాణెమునకు హాని లేదు. నాణెమును మొదట గాలిలో తూచి, పిదప దారమున వ్రేలాడదీసి నీటిలో ముంచి తూచవలెను. 11.66 గ్రాముల మంచి రూపాయి నీటిలో రమారమి 1.13 గ్రాముల తూకమును కోల్పోవును. రాగి పాలు పెరిగినచో ఈ నష్టము హెచ్చగును. గ్రీకు దేశపు ఆర్కిమీడీసు కనుగొన్న సూత్రమునకు మించిన యంత్రమేదియు ఇందులకు అక్కరలేదు.

ఇక మన ప్రాంతపు రూపాయలకు వత్తము. నిజాము రాజ్యములో 1857 వరకు నాణెములపై మొగలు చక్రవర్తి పేరే యుండెను. ఆ సంవత్సరపు తిరుగుబాటు తరువాత ఆసఫ్ జాహీ పేరు వచ్చెను. అంతకుముందు నారాయణపేట, గద్వాల, వనపర్తి సంస్థానపు సుగూరు మొదలగు చోట్ల వేరువేరు టంకశాలలుండెడివి. ఒక్కొక్క చోటి నాణెమునకు ఒక్కొక్క వన్నె. ఊరు మారినపుడెల్ల రైతు షరాబునకు వట్టము చెల్లింపవలసి వచ్చెడిది. దివాను మొదటి సాలార్ జంగు ఈ టంకశాలలను మూయించి, హైదరాబాదు టంకశాల నాణెమునే రాజ్యమంతట ప్రమాణము చేసెను. అదే హాలీ సిక్కా. హాలీ యనగా ప్రస్తుతము చెల్లునది. 1903-04 ప్రాంతమున చార్మినారు బొమ్మతో యంత్రముపై కొట్టిన రూపాయి వచ్చినది. ఆంగ్లేయుల రూపాయిని మనవారు కల్దారు అనిరి. కల, అనగా యంత్రము, గలది యని అర్థము.

ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారులని, నూరు కల్దారులకు నూట పదునారు చిల్లర హాలీయని వృద్ధులు చెప్పెడివారు. ఈ మారకము ఎవరి దయవలనను ఏర్పడినది కాదు. లెక్కలు వ్రాయుట వృత్తిగా గలవాడను గనుక దీనిని వేసి చూచితిని. హాలీ రూపాయి తూకము 11.18 గ్రాములు, అందు వేయింట 818 పాళ్ళు వెండి, అనగా స్వచ్ఛమైన వెండి 9.14 గ్రాములు. కల్దారు తూకము ఒక తులము, 11.66 గ్రాములు, పండ్రెండింట పదకొండు పాళ్ళు వెండి, అనగా 10.69 గ్రాములు. ఏడు హాలీలలో సుమారు 64.0 గ్రాములు, ఆరు కల్దారులలో సుమారు 64.1 గ్రాములు. సంతలో చిక్కుడుకాయలమ్ము అవ్వ నోట నిలిచిన లెక్క టంకశాల త్రాసుతో ఇంతగా సరిపోయినది! రూపాయి ధర దానిలోని వెండియే యను ధర్మము ఆనాడు ఇంత సూటిగా నడచినది.

ఆ ధర్మము మొదటి ప్రపంచ యుద్ధముతో సడలెను. వెండి దొరకుట కష్టమై 1918లో హైదరాబాదు ప్రభుత్వము కాగితపు నోట్ల చట్టము చేసెను. రెండవ యుద్ధ కాలమున, 1940లో, కల్దారులో వెండి సగమునకు దిగెను. పిదప కొలది ఏండ్లకు చార్మినారు రూపాయియు సగము వెండి దయ్యెను. 1947లో కల్దారు నికెలు రూపాయిగా మారెను. హైదరాబాదు రాజ్యము భారతదేశములో కలిసిన తరువాత హాలీ సిక్కా కొంతకాలము భారత రూపాయితో పాటు నడచి 1959 నాటికి చెల్లుబాటును పూర్తిగా కోల్పోయెను. కావున రాణి విక్టోరియా, ఎడ్వర్డు, అయిదవ జార్జి బొమ్మలుగల రూపాయిని, 1940 తరువాతి ఆరవ జార్జి రూపాయిని ఒకే ధరకు అమ్ముకొనువాడు నష్టపోవును. మొదటి వానిలో 10.69 గ్రాముల వెండి, రెండవదానిలో 5.83 గ్రాములు మాత్రమే. చూపునకు రెండును ఒకటే పరిమాణము.

చార్మినారు రూపాయిని చదువుటయు కష్టము కాదు. నడిమి ద్వారములో ఒక ఉర్దూ అక్షరముండును. అది 'మీమ్' అయినచో మహబూబ్ అలీఖాను కాలపుది, 'ఐన్' అయినచో ఉస్మాన్ అలీఖాను కాలపుది. సంవత్సరము హిజరీలో నుండును; 1329 అనగా 1911. 92 అను అంకె కనిపించినచో దానిని సంవత్సరమని భ్రమపడరాదు. అది మహమ్మదు ప్రవక్త నామాక్షరముల కూడిక.

ఇక నాణెపు అంతస్తు. చేతులు మారిన కొలది ఎత్తైన చోట్లు ముందుగా అరుగును: రాజు బొమ్మలో చెంప, కిరీటపు నగిషీ; చార్మినారులో మినారుల గీతలు. ఇవి చెడక నిలిచినచో అంతస్తు గొప్పది. మాలకు గ్రుచ్చుటకు రంధ్రము చేసినను, ఉంగరము అతికినను, అంచు కోసినను సేకరించువారి దృష్టిలో విలువ పడిపోవును. అన్నింటికంటె పెద్ద హాని మన చేతులారా చేయునదే: చింతపండు, బూడిద పెట్టి తోముట. నలుపు వెండికి వయస్సు తెచ్చిన పొర. దానిని తోమినచో సన్నని గీతలు పడి అక్షరములరుగును. నాణెమును తోమక, అంచులు పట్టుకొని చూచి, పొడి కాగితములో చుట్టి యుంచుటయే మేలు.

ఇంతవరకు చెప్పినది ధర. ఇక మూడవ సమాధానము. 1906లో నాసికు ప్రాంతమున జోగల్‌తంబి యను చోట 13,000కు పైగా వెండి నాణెముల కుప్ప దొరకినది. అవన్నియు క్షహరాత రాజగు నహపానునివి. వానిలో 9,000కు పైగా నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను తిరిగి కొట్టించియుండెను. నహపానుని ఓడించి అతని ధనమును తన ధనముగా చలామణి చేసిన సంగతికి అంతకన్న సాక్ష్యమేమి కావలెను? కుప్ప మొత్తముగా పండితుల కంటబడుటచేతనే ఈ కథ తెలిసినది. పిడికెడు పిడికెడుగా కంసాలుల కుంపట్లకు చేరియున్నచో వెండి మిగిలెడిది, సాక్ష్యము మిగిలెడిది కాదు.

అంత దూరమేల? పెద్దవాగు గోదావరిలో కలియు చోట మన కోటిలింగాల యున్నది. అచ్చటి నేలలో దొరకిన నాణెములను సంగనభట్ల నరహరిశర్మగారు సేకరించి పండితుల దృష్టికి తెచ్చిరి. పరబ్రహ్మశాస్త్రిగారు వానిని చదివిరి. 1979 మొదలు 1983 వరకు పురావస్తుశాఖవారు వి.వి. కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యమున త్రవ్వకములు జరిపిరి. విద్దాంక నాణెములతో పాటు గోభద, నారన, కంవాయ, సమగోప అను, ఏ పురాణమును పేర్కొనని రాజుల నాణెములు బయటపడినవి. శాతవాహన వంశ మూలపురుషుడగు చిముకుని పేరుగల నాణెములును లభించినవి. అంతకుముందు అతడు పురాణములలోని పేరుగా, నానాఘాటు శాసనములోని పేరుగా మాత్రమే తెలిసియుండెను. ఈ రాజుల పేర్లుగల నాణెములు రాగి వంటి చౌక లోహములవి. కంసాలి త్రాసులో వాని ధర స్వల్పము. అయినను అవి దొరకిన చోటు తెలిసియున్నది గనుకనే తెలంగాణపు ప్రాచీన చరిత్ర మొదటి పుటలు వ్రాయబడినవి. అవే నాణెములు పట్టణపు అంగడిలో చిరునామా లేక దొరకియున్నచో గోభదుడు ఏ దేశపు రాజని చెప్పగలమా? ఎల్లంపల్లి జలాశయపు నీరు ఆ నేలను కొంతవరకు ముంచినది. నీటిపాలైన చోట ఇక త్రవ్వి చూచుట సులభము కాదు. అందుచేత చేతిలోనున్న నాణెములే మిగిలిన కాగితములు.

కనుక చందాదారులకు నా మనవి ఇది. నేలలో నిక్షేపము దొరకినచో, పది రూపాయల విలువ మించినదానిని కలెక్టరుగారికి తెలుపవలెనని 1878 నాటి నిక్షేప చట్టము చెప్పుచున్నది. దాచుట నేరము, తెలుపుటచే కనుగొన్నవానికి కలుగు హక్కులను ఆ చట్టమే నిర్ణయించినది. ఇక ఇంటిలోని నాణెములు మీ సొత్తు. అవసరము వచ్చినపుడు అమ్ముకొనుటను ఎవరును తప్పు పట్టరు. ఆడపిల్ల పెండ్లి ముందర చరిత్ర ఆగవలసినదే. కాని కంసాలి యింటికి పోవుటకు ముందు ఒక్కసారి గ్రంథాలయమునకు తీసికొని రండు. ఇచ్చట ఒక చిట్టా పుస్తకము తెరువవలెనని కార్యవర్గమును కోరుచున్నాను. నాణెపు తూకము, అడ్డుకొలత, ఇరువైపుల గుర్తులు, సంవత్సరము, ఏ ఊర ఎట్లు చేరినది అను అయిదు గడులు చాలును. నాణెమును కాగితము క్రింద నుంచి సీసపు కడ్డీతో మెల్లగా రుద్దినచో దాని ప్రతిబింబము కూడ పుటపైకి వచ్చును. నాణెము ఇంటివారిదే, దాని ధర వారిదే. దాని మాట మాత్రము ఊరి లెక్కలో జమ పడియుండును.